ఎన్‌ఎఫ్‌సీ లేదు, టెస్ట్ మాత్రం పాస్

స్కిప్ అయిన టెస్టుకి పచ్చరంగు వేసే రిపోర్టులంటే నాకు ఒళ్లు మంట. పరీక్షకే రాని పిల్లాడికి ఫస్ట్ క్లాస్ ఇచ్చినట్టుంటుంది. పోయిన రిలీజ్‌లో మా దగ్గర జరిగింది అదే. అప్పట్నుంచి వర్చువల్ ఫోన్లో ఏ ఫీచర్ ఉందో, ఏది లేదో చూసే పద్ధతినే మార్చేశాను. ఆ సంగతులే ఇవాళ రాస్తున్నాను. టెక్నికల్ మాటలు కాస్త ఎక్కువే ఉంటాయి, ఓపిక పట్టండి.

నా పనేంటో తెలియనివాళ్లకి ముందు రెండు ముక్కలు. మా కంపెనీ ఆండ్రాయిడ్ ఫోన్లని సర్వర్ల మీద నడిపి అద్దెకిస్తుంది. చేత్తో పట్టుకునే ఫోన్ ఎక్కడా ఉండదు. సర్వర్లో ఒక వర్చువల్ మెషిన్ (సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఉత్తుత్తి కంప్యూటర్), దాంట్లో ఆండ్రాయిడ్, దాని స్క్రీన్ మన బ్రౌజర్లో. యాప్‌లు తయారుచేసే వాళ్లు ఆ ఫోన్లు తీసుకుని తమ యాప్ రకరకాల ఆండ్రాయిడ్ వెర్షన్ల మీద ఎలా నడుస్తుందో చూసుకుంటారు. వాళ్లు యాప్‌ని టెస్ట్ చేస్తారు, నేను ఆ ఫోన్‌నే టెస్ట్ చేస్తాను. ఆఫీసు హైదరాబాద్‌లో. నేను మాత్రం మా ఊరు పర్లాకిమిడిలో కూర్చుని చేస్తాను. జిల్లా గజపతి, రాష్ట్రం ఒడిశా. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. బండి మీద టీ తాగడానికి పక్క రాష్ట్రం వెళ్లొచ్చే ఊళ్లు ఎన్నో ఉండవు కదా.

పాతపట్నంలో మా బావకి సెల్ రిపేరు షాపుంది. నా ఉద్యోగం గురించి వాడికి ఎప్పుడూ అనుమానమే. "లేని ఫోన్‌ని పరీక్ష సేత్తే నీకు జీతమిత్తారేటి బావా? ఉన్న ఫోన్ బాగు సేత్తే నాకు రెండొందలివ్వడానికి ఏడుత్తన్నారు జనం" అంటాడు. సరదాకే అంటాడు గానీ, ఈ పోస్టులో వాడి షాపు అవసరం పడుతుంది.

ఇక విషయానికి. రిలీజ్‌కి ముందు రాత్రి ఆటోమేషన్ నడిచింది. పొద్దున్న రిపోర్టులో ఎన్‌ఎఫ్‌సీ విభాగం అంతా పచ్చగా ఉంది. ఎన్‌ఎఫ్‌సీ అంటే కార్డుని ఫోన్ వెనక తాకిస్తే చదివేది. మా వర్చువల్ ఫోన్లో అది ఏ రోజూ లేదు. లేనిది ఎలా పాసైందని కోడ్ తెరిచి చూస్తే, ప్రతి టెస్టులోనూ మొదటి లైను ఒకటే. ఫీచర్ లేకపోతే రిటర్న్. ఏమీ చెయ్యకుండా వచ్చిన దారినే వెళ్లిపోతుందన్నమాట. ఎర్రర్ రాలేదు కాబట్టి టెస్టులు నడిపే సాఫ్ట్‌వేర్ దాన్ని పాస్ కింద రాసేసింది. ఆ కోడ్ రాసినాయన ఉద్యోగం మారి ఏళ్లయింది.

ఇలాంటి చోట వాడ్డానికే జేయూనిట్‌లో, అంటే మేం టెస్టులు రాసే టూల్లో, అస్యూమ్ అని ఒకటుంది. 'ఈ ఫీచర్ ఉందనుకుని మొదలుపెడుతున్నాను, లేకపోతే ఇక్కడితో ఆపు' అని దాంతో చెప్పొచ్చు. అప్పుడు ఆ టెస్ట్ పాస్ అవదు, ఫెయిల్ అవదు, విడిగా కనిపిస్తుంది. గూగుల్ తయారుచేసే కంపాటిబిలిటీ టెస్టుల్లో, అదే సీటీఎస్‌లో, దీన్ని 'అసంప్షన్ ఫెయిల్యూర్' అని పాస్‌తో కలపకుండా వేరే చూపిస్తారు. మా పాత కోడ్‌లో ఆ తేడా లేదు. రిపోర్టు చూసి సేల్స్ వాళ్లు, కస్టమర్లకి చూపించే ఫీచర్ల పట్టికలో ఎన్‌ఎఫ్‌సీ ఎదురుగా టిక్కు పెట్టారు. ఆ టిక్కు చూసి ఒక కస్టమర్ కార్డు తాకించి హాజరు వేసే యాప్ తెచ్చాడు. సోమవారం పొద్దున్నే ఫోన్. ఆ కాల్‌లో ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయను.

అసలు ఒక ఫోన్ 'నా దగ్గర ఫలానా ఫీచర్ ఉంది' అని ఎలా చెప్తుందో చూడండి. కంప్యూటర్‌కి ఫోన్ కలిపి, కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలు పంపే ఏడీబీ అనే టూల్లో 'పీఎం లిస్ట్ ఫీచర్స్' అని కొడితే ఒక చాంతాడంత జాబితా వస్తుంది. కెమెరా, ముందు కెమెరా, బ్లూటూత్, జీపీఎస్, వేలిముద్ర, అడుగులు లెక్కపెట్టే సెన్సార్, ఒక్కోదానికి ఒక్కో లైను. యాప్ లోపల్నుంచి ప్యాకేజ్ మేనేజర్‌ని అడిగినా ఇదే జవాబు వస్తుంది. చాలామంది డెవలపర్లు కూడా ఏమనుకుంటారంటే, ఆండ్రాయిడ్ లోపలికి వెళ్లి చిప్పుని తట్టి, ఉందో లేదో కనుక్కుని చెప్తుందని. చాలా ఫీచర్ల విషయంలో అంత కథేమీ లేదు. సిస్టమ్ ఫోల్డర్లో, వెండర్ ఫోల్డర్లో పర్మిషన్స్ అనే డైరెక్టరీలున్నాయి. వాటిలో చిన్న చిన్న ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు. ఎన్‌ఎఫ్‌సీ పేరుతో ఫైలు పెడితే ఎన్‌ఎఫ్‌సీ ఉన్నట్టు, తీసేస్తే లేనట్టు. బూట్ అయ్యేటప్పుడు వాటిని చదివి జాబితా కట్టేస్తుంది, అంతే. ఫోన్ తయారుచేసినవాడి మాట అది.

ఆ మాట నిజంగానే ఉండాలని గూగుల్ కంపాటిబిలిటీ డాక్యుమెంట్ చెప్తుంది. అయినా వర్చువల్ ఫోన్ తయారుచేసేవాళ్లకి అబద్ధమాడే అవసరం ఒకటి ఎదురవుతుంది. దాని పేరు ప్లే స్టోర్. యాప్ తన మ్యానిఫెస్ట్‌లో (యాప్ తన వివరాలు రాసుకునే ఫైలు) 'నాకు ఈ హార్డ్‌వేర్ తప్పనిసరి' అని రాసుకుంటే, ఆ ఫీచర్ ప్రకటించని ఫోన్‌కి ప్లే స్టోర్ ఆ యాప్‌ని ఇవ్వదు. తప్పనిసరి కాదని విడిగా రాయకపోతే తప్పనిసరి కిందే లెక్క. ఇంకో తిరకాసుంది. డెవలపర్ కెమెరా ఫీచర్ గురించి ఒక్క ముక్క రాయకపోయినా, కెమెరా పర్మిషన్ అడిగితే చాలు, కెమెరా కావాలని ప్లే స్టోర్ తనంతట తానే అనుకుంటుంది. అందుకని వర్చువల్ ఫోన్లో ఫైలు పెట్టేస్తే యాప్ ఇన్‌స్టాల్ అవుతుంది, కస్టమర్ సంతోషిస్తాడు, ఆ బటన్ నొక్కేదాకా. మా ప్రోడక్ట్ టీమ్‌లో దీని మీద పెద్ద వాదనే నడిచింది. వాళ్లది తప్పని ఇప్పటికీ పూర్తిగా అనలేను. యాప్‌లో మిగతా తొంభై శాతం చూసుకోవడానికి వచ్చిన కస్టమర్‌ని ఒక్క ఎన్‌ఎఫ్‌సీ కోసం గుమ్మంలో ఆపేయడం కూడా న్యాయం కాదు. నేను కోరేదల్లా, ఫైలు పెట్టాం, వెనకాల ఏమీ లేదు అన్న సంగతి పట్టికలో కనబడాలని.

నిజం ఫోన్లలో ఈ గొడవ ఉండదు కదా అంటారా, మా బావ షాపుకి రండి. వేలిముద్ర పని చెయ్యడం లేదని వచ్చిన ఫోన్ ఒకటి బల్ల మీద ఉంటే ల్యాప్‌టాప్‌కి కలిపి చూశాను. వెనక మూత తీసి ఉంది. సెన్సార్‌ని బోర్డుకి కలిపే పల్చటి రిబ్బన్ కేబుల్ చివర ఊడి, పైకి లేచి కనబడుతోంది. జాబితా అడిగితే ఫింగర్‌ప్రింట్ అని లైను దర్జాగా వచ్చింది. వస్తుంది మరి, ఎక్స్‌ఎంఎల్ ఫైలుకి రిబ్బన్ ఊడిన సంగతి ఎవరు చెప్తారు? బావ తొంగి చూసి, "ఇదేటి బావా, మా కస్టమర్లలాగే ఉందిది. అన్నీ ఉన్నాయంతాది" అన్నాడు.

అదే ఫోన్‌ని ఇంకోలా అడిగితే జవాబు మారుతుంది. బయోమెట్రిక్ మేనేజర్ అని ఒకటుంది. వేలిముద్రతో లాగిన్ అవ్వొచ్చా అని దాన్ని అడిగితే వచ్చే అంకెల్లో 0 అంటే సరే, 1 అంటే హార్డ్‌వేర్ ఇప్పుడు అందుబాటులో లేదు, 11 అంటే సెన్సార్ ఉంది గానీ ఎవరూ వేలిముద్ర నమోదు చెయ్యలేదు, 12 అంటే ఆ హార్డ్‌వేరే లేదు. మంచి ఏపీఐ (యాప్ సిస్టమ్‌ని ప్రశ్న అడిగే దారి) అంటే ఇలా ఉండాలి. ఎందుకు లేదో కూడా చెప్తోంది. మా వర్చువల్ ఫోన్లలో కొత్తగా తెరిచినవన్నీ 11 ఇచ్చేవి, పాత టెస్ట్ దాన్నీ 12నీ ఒకే గాటన కట్టి 'లేదు' అనేసేది. నిజానికి సెట్టింగ్స్‌లో ఒక వేలు నమోదు చేస్తే పనైపోతుంది. గూగుల్ ఎమ్యులేటర్లో, అంటే కంప్యూటర్లో నడిచే గూగుల్ వాళ్ల వర్చువల్ ఫోన్లో అయితే, ఏడీబీ నుంచి 'ఫింగర్ టచ్ 1' అని పంపిస్తే వేలు పెట్టినట్టే. మేమూ అలాంటి మీటే పెట్టుకున్నాం. ఉన్న ఫీచర్ని లేదనుకుని, లేనిదాన్ని పాస్ చేసి, రెండు వైపులా తప్పే చేసిన ఘనత ఆ పాత కోడ్‌ది.

ఇలాంటిదే మాట్లాడే ఫీచర్, టెక్స్ట్ టు స్పీచ్. ఇది నాకు కొంచెం ఇంటి విషయం. మా అమ్మ మిషన్ శక్తి సంఘంలో సభ్యురాలు. వాళ్ల సంఘంలో లెక్కల పుస్తకం ఒడియాలో రాస్తారు, పోట్లాటలు తెలుగులో జరుగుతాయి. మా కస్టమర్లలో ఒకరు సరిగ్గా ఇలాంటి పొదుపు సంఘాల కోసమే యాప్ చేస్తున్నారు. ఎవరు ఎంత కట్టారో తెలుగులో చదివి వినిపిస్తుంది. తెలుగు గొంతు ఉందా అని ఆండ్రాయిడ్‌ని అడిగితే ఉంది, లేదు అని రెండు మాటల్లో తేల్చదు. 0 గానీ అంతకంటే పెద్ద అంకె గానీ వస్తే ఉన్నట్టు. మైనస్ 1 అయితే భాష తెలుసు గానీ గొంతు డేటా ఇంకా దిగలేదు. మైనస్ 2 అయితే ఆ భాషే రాదు. గూగుల్ యాప్‌లు లేని ఉత్త ఆండ్రాయిడ్ ఇమేజ్ (వర్చువల్ ఫోన్లోకి ఎక్కించే సిస్టమ్ కాపీ) మీద తెలుగు అడిగితే నాకు సున్నా ఎప్పుడూ రాలేదు. గూగుల్ సర్వీసులున్న ఇమేజ్ మీద మైనస్ 1 వచ్చి, నెట్ ఇచ్చి కాసేపు ఆగితే సున్నా అయింది. కాబట్టి 'తెలుగు టీటీఎస్ ఉందా' అన్న ప్రశ్నకి జవాబు ఫోన్ మీదే కాదు, ఏ ఇమేజ్, నెట్ ఉందా, ఎంతసేపటికి అడిగాం అన్నదాని మీద కూడా ఉంటుంది. టెస్టులో ఈ మూడూ రాయకపోతే ఆ ఫలితం ఎందుకూ పనికిరాదు. సున్నా వచ్చాక కూడా ఒకసారి చెవులతో వినాల్సిందే. అమ్మకి వినిపిస్తే, "ఇది మన తెలుగు కాదురా, రేడియో తెలుగు" అంది. దానికి మా దగ్గర టెస్ట్ కేసు లేదు.

జీపీఎస్ సంగతి వేరు. అది దాదాపు అన్ని వర్చువల్ ఫోన్లలోనూ పనిచేస్తుంది, అందుకే ఎవరూ సరిగ్గా చూడరు. గూగుల్ ఎమ్యులేటర్‌ని కొత్తగా తెరిచి మ్యాప్ చూస్తే కాలిఫోర్నియాలో, మౌంటెన్ వ్యూలో గూగుల్ ఆఫీసు దగ్గర నిలబడి ఉంటారు. దాన్ని మార్చడానికి ఎమ్యులేటర్ ఆదేశాలు తీసుకునే కన్సోల్లో 'జియో ఫిక్స్' అని కొట్టి రెండు అంకెలివ్వాలి. మనం మాటల్లో ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం చెప్తాం. మ్యాప్‌లోంచి కాపీ చేసినా అదే వరసలో వస్తుంది. జియో ఫిక్స్‌కి ముందు రేఖాంశం కావాలి. కొత్తగా చేరిన కుర్రాడికి మా ఊరి మీద టెస్ట్ పెట్టమని పర్లాకిమిడి అంకెలిచ్చాను. కాసేపటికి "అన్నా, లొకేషన్ వస్తోంది, పాస్" అన్నాడు. మ్యాప్ తెరిచి చూడమన్నాను. అటునుంచి చప్పుడు లేదు. తర్వాత, "అన్నా, మీ ఊరు సముద్రంలో ఉందేంటి?" 18.78 ఉత్తరం, 84.09 తూర్పు ఉండాల్సింది తిరగబడి, 84 డిగ్రీల ఉత్తరాన, స్వాల్‌బార్డ్ దీవులు కూడా దాటిపోయి ఆర్కిటిక్ మహాసముద్రంలో తేలింది మా గజపతుల రాజధాని. వాడి తప్పేమీ లేదు, టెస్ట్ అడిగిందే అంత. లొకేషన్ ఇచ్చే ప్రొవైడర్ ఉందా, ఉంది. అంకె వచ్చిందా, వచ్చింది. ఇంకేం కావాలి?

సెన్సార్ల గురించి పొడుగ్గా రాయను. వర్చువల్ ఫోన్ని కదపకుండా ఉంచి, కదలికని కొలిచే యాక్సిలరోమీటర్ చూస్తే గురుత్వాకర్షణ వల్ల వచ్చే 9.8కి దగ్గరగా ఒక అంకె వస్తుంది. పది నిమిషాల తర్వాత చూసినా దశాంశాలతో సహా అదే అంకె. బల్ల మీద పెట్టిన నిజం ఫోన్లో చివరి దశాంశాలు ఎప్పుడూ వణుకుతూనే ఉంటాయి. ఆ వణుకుని వడపోసే యాప్ అయితే వర్చువల్ ఫోన్లో అద్భుతంగా నడుస్తుంది, ఎందుకంటే అక్కడ వడపొయ్యడానికి ఏమీ లేదు.

నేను ఎక్కువగా తల పట్టుకున్నది సిమ్ దగ్గర. మా పట్టికలో 'టెలిఫోనీ' అని ఒకే గడి ఉండేది, టిక్కుతో. కాల్ వస్తుంది, ఎస్‌ఎంఎస్ వస్తుంది, సిగ్నల్ గీతలు తగ్గించొచ్చు పెంచొచ్చు. అంతా నిజమే. కానీ ఒక కస్టమర్ యాప్ ఏం చేస్తుందంటే, ఫోన్ ఏ నెట్‌వర్క్ మీద ఉందో చూసి దాన్నిబట్టి భాష పెడుతుంది. ఆంధ్ర సర్కిల్ అయితే తెలుగు, ఒడిశా అయితే ఒడియా. హైదరాబాద్‌లో కూర్చుని ఆలోచిస్తే బ్రహ్మాండమైన ఐడియా. పర్లాకిమిడిలో ఉండేవాడికి వినగానే నవ్వొస్తుంది.

ఎందుకంటే మా ఊళ్లో ఫోన్ ఏ రాష్ట్రంలో ఉందో ఫోన్‌కే తెలీదు. ఆండ్రాయిడ్‌లో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఈ సిమ్ ఎవరిచ్చారు అన్నది ఒకటి, ఇప్పుడు ఎవరి టవర్ మీద ఉన్నావు అన్నది ఇంకోటి. రెండింటికీ జవాబుగా దేశం కోడ్, దాని వెనక ఆపరేటర్ కోడ్ కలిపి ఒక అంకె వస్తుంది. మనకి ఆ అంకె 404 లేదా 405 అన్న దేశం కోడ్‌తో మొదలవుతుంది, ఆపరేటర్ కోడ్ సర్కిల్‌నిబట్టి మారుతుంది. ఈ రెండు అంకెల్నీ స్క్రీన్ మీద చూపించే చిన్న యాప్ రాసుకుని, ఒడిశా సిమ్ వేసిన ఫోన్ జేబులో పెట్టుకుని సాయంత్రం పాతపట్నం వైపు వెళ్లాను. సిమ్ అంకె మారలేదు, మారదు కూడా. నెట్‌వర్క్ అంకె మాత్రం నది ఇంకా దాటకముందే ఆంధ్రకి మారిపోయింది. బండి పక్కన ఆపి చూస్తూ నిలబడ్డాను. కాసేపుండి ఒడిశా. ఇంకో అరనిమిషానికి మళ్లీ ఆంధ్ర. రోమింగ్ గుర్తు కూడా పడలేదు, రెండు వైపులా కంపెనీ ఒకటే కదా. నేను అడుగు కదపలేదు, రాష్ట్రాలు మాత్రం మారుతున్నాయి. ఆ కస్టమర్ యాప్ గనక ఆ ఫోన్లో ఉండి ఉంటే, చదువుతున్న పేజీ కళ్ల ముందే తెలుగు, ఒడియా, మళ్లీ తెలుగు అయ్యేది. టీ కొట్టాయన, "సిగ్నల్ లేదా బాబూ?" అని జాలిగా అడిగాడు. ఎక్కువై చచ్చాను బాబాయ్ అన్నాను.

ఇది వర్చువల్ ఫోన్లో చేసి చూద్దామని కూర్చుంటే తెలిసింది, టెలిఫోనీ అన్న ఒక్క గడిలో ఎన్ని గడులు దాగున్నాయో. గూగుల్ ఎమ్యులేటర్ సిమ్ తనని తాను అమెరికా ఆపరేటర్‌గా చెప్పుకుంటుంది, కోడ్ 310 260. కన్సోల్లో 'జీఎస్ఎం వాయిస్ రోమింగ్' అంటే రోమింగ్‌లోకి వెళ్తుంది, సెర్చింగ్ అంటే వెతుకుతుంది, డినైడ్ అంటే నెట్‌వర్క్ రానివ్వలేదన్నమాట. డేటాకి ఇవే విడిగా ఇవ్వొచ్చు. ఈ విడిగా ఇవ్వగలగడం చాలా పనికొచ్చేది. 2018 అక్టోబర్లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లాని ఊపేసినప్పుడు, గీతలు నిండుగా కనబడుతూ కాల్ పోని ఫోన్లు, కాల్ పోతూ నెట్ రాని ఫోన్లు అందరి చేతుల్లోనూ చూశాం. ఆ స్థితులు వర్చువల్‌లో తెప్పించొచ్చు. మా ప్రోడక్ట్‌లో ఇండియా సిమ్ ప్రొఫైళ్లున్నాయి, ఆపరేటర్ని ఎంచుకోవచ్చు. ఎంచుకున్నాక ఫోన్ రీస్టార్ట్ చెయ్యాలి. వాడుతున్న ఫోన్లో, వాడుతుండగా, ఒక సర్కిల్ నుంచి ఇంకో సర్కిల్‌కి మారడం మాత్రం లేదు. మా ఊరివాళ్లకి రోజూ జరిగేది సరిగ్గా అదే. ఇప్పుడు పట్టికలో టెలిఫోనీ గడి పోయి కాల్, ఎస్‌ఎంఎస్, వాయిస్ స్థితి, డేటా స్థితి, ఆపరేటర్ ఎంపిక, నడుస్తుండగా ఆపరేటర్ మార్పు అని విడివిడిగా వచ్చాయి. చివరిదాని ఎదురుగా 'లేదు' అని రాయించడానికి పట్టిన టైమ్‌లో ఆ ఫీచరే తయారుచేసి ఉండొచ్చు.

ఫోన్ లోపలే కాదు, ఫోన్ని మోసే సర్వర్‌నీ ఇదే ప్రశ్న అడగాలి. లినక్స్‌లో వర్చువల్ ఫోన్ వేగంగా నడవాలంటే కేవీఎం కావాలి, అంటే వర్చువల్ మెషిన్‌కి ప్రాసెసర్‌ని నేరుగా వాడుకోనిచ్చే సదుపాయం. ప్రాసెసర్‌లో వర్చువలైజేషన్ ఉండాలి, ఇంటెల్ అయితే వీఎంఎక్స్, ఏఎండీ అయితే ఎస్‌వీఎం అన్న గుర్తు సీపీయూ వివరాల్లో కనబడాలి. అద్దెకి తీసుకున్న క్లౌడ్ మెషిన్ చాలాసార్లు తనే ఒక వర్చువల్ మెషిన్. దాని యజమాని లోపలికి ఆ గుర్తు కనబడనివ్వకపోతే, కేవీఎం లేక ఫోన్ నత్తనడక నడుస్తుంది, టెస్టులన్నీ టైమ్ అవుట్. అవి చూసి యాప్‌ని తిట్టుకున్న కస్టమర్లున్నారు. ఎమ్యులేటర్‌కి 'యాక్సెల్ చెక్' అని ఒక ఆప్షనుంది, ముందు అది కొట్టి చూసుకుంటే సగం ఫిర్యాదు టికెట్లు పుట్టవు.

ఈ మధ్య ఇంకో ముడి పడింది. ఆండ్రాయిడే ఇప్పుడు తన లోపల వర్చువల్ మెషిన్లు నడుపుతోంది. ఆండ్రాయిడ్ 13తో వచ్చిన వర్చువలైజేషన్ ఫ్రేమ్‌వర్క్ అది. దానికీ జాబితాలో ఒక ఫీచర్ లైనుంది. లైను ఉన్నంత మాత్రాన చాలదు, ప్రొటెక్టెడ్ మెషిన్ (ఆండ్రాయిడ్ కూడా లోపలికి తొంగిచూడలేనిది) నడపగలదా, మామూలుది నడపగలదా అని సామర్థ్యాలు విడిగా అడగాలి, ఒకటి ఉండి ఇంకోటి లేకపోవచ్చు. ఒక కస్టమర్ మా వర్చువల్ ఫోన్లో అది కావాలన్నాడు. సర్వర్లో వర్చువల్ మెషిన్, అందులో ఫోన్, ఆ ఫోన్లో మళ్లీ వర్చువల్ మెషిన్. బావకి చెప్తే దండం పెట్టాడు.

ఐఫోన్ గురించి అడుగుతుంటారు, అది నా పని కాదు గానీ ఒక్క మాట. ఆపిల్ ఎక్స్‌కోడ్‌తో వచ్చేది సిమ్యులేటర్. యాప్‌ని మ్యాక్ కోసం తిరిగి కంపైల్ చేసి నడుపుతుంది, ఐఫోన్ హార్డ్‌వేర్ని అనుకరించదు. అసలు ఐఓఎస్‌నే వర్చువల్‌గా నడిపిన కంపెనీ కోరెలియం. దాని మీద ఆపిల్ 2019లో కేసు వేసింది, 2023లో రాజీతో ముగిసింది. ఆండ్రాయిడ్ వైపు ఉన్నందుకు కనీసం ఆ టెన్షన్ లేదు.

చివరగా బ్యాంకు యాప్‌లు. 'మీ వర్చువల్ ఫోన్లో యూపీఐ యాప్ ఎందుకు తెరుచుకోదు, బగ్ వేశాం చూడండి' అని తరచూ వస్తుంది. అది బగ్ కాదు. ఆ యాప్ ప్లే ఇంటెగ్రిటీని అడుగుతుంది, ఇది గూగుల్ ఆమోదించిన అసలు ఫోనా అని. ఎమ్యులేటర్‌కి అక్కడ వేరే ముద్ర ఉంది, అసలు ఫోన్ ముద్ర రాదు. తాళంచెవులు దాచే కీస్టోర్‌ని అడిగినా అంతే, విడి సెక్యూరిటీ హార్డ్‌వేర్ లేదు, సాఫ్ట్‌వేరే అని చెప్తుంది. అలా చెప్పడమే కరెక్టు. దాన్ని దాచిపెట్టే ప్యాచ్ ఏదైనా రాయొచ్చు కదా అని మీటింగ్‌లో ఒకాయన అన్నాడు. నేను ఒప్పుకోలేదు, నా మేనేజర్ కూడా ఒప్పుకోలేదు, ఆ మాట అక్కడితో ఆగింది. ఎన్‌ఎఫ్‌సీ ఫైలు విషయంలో కాస్త మెత్తబడ్డాను గానీ ఇక్కడ ససేమిరా.

ఇప్పుడు నేను పట్టుకు తిరిగే షీట్లో ప్రతి ఫీచర్ ఎదురుగా మూడు గడులున్నాయి. ఫోన్ ప్రకటించిందా, ఏపీఐ అడిగితే ఏమంది, మనిషి వాడి చూస్తే ఏం జరిగింది. మూడోదాంట్లో 'పాస్' అని రాయకూడదని రూల్ పెట్టాను. ఏం చేశారో, ఏం కనబడిందో రాయాలి. 'కెమెరా తెరిచి గోడ మీది క్యూఆర్ చదివాను, చదివింది' అన్నట్టు. ఎమ్యులేటర్ కెమెరాలో ఒక ఉత్తుత్తి గది కనిపిస్తుంది, దాని గోడకి మన బొమ్మ తగిలించొచ్చు. క్యూఆర్ టెస్టుకి అంతకంటే సుఖం లేదు. స్కిప్ అయినవాటికి రిపోర్టులో బూడిదరంగు వచ్చింది. మొదటిసారి ఆ రిపోర్టు పంపినప్పుడు, ఇంత బూడిద ఎక్కణ్నుంచి వచ్చిందని పైనుంచి మెయిల్ వచ్చింది. ఇదివరకు పచ్చగా ఉండేదంతా అదేనని జవాబిచ్చాను.

బ్లూటూత్ వరస ఇంకా తెగలేదు. గూగుల్ ఎమ్యులేటర్‌లో చాలాకాలం బ్లూటూత్ లేదు, ఈ మధ్య వెర్షన్లలో రెండు ఎమ్యులేటర్లు ఒకదాన్నొకటి చూసుకునే వర్చువల్ బ్లూటూత్ వచ్చింది. మాది ఆ దారిలోనే నడుస్తోంది. జత కడుతోంది, ఫైలు పంపితే మధ్యలో ఆగుతోంది. ప్రకటించిందా అవును, ఏపీఐ అవునంది, మూడో గడిలో ఏం రాయాలన్న దాని మీద గురువారం మీటింగ్ ఉంది.

మీలో సిరొంచలోనో, ధర్మాబాద్‌లోనో, రాయగడలోనో ఇలా రెండు రాష్ట్రాల టవర్ల మధ్య బతికేవాళ్లుంటే, ఫోన్ ఎక్కడ నిలబడితే ఎటు మారుతుందో, రోమింగ్ గుర్తు పడుతుందో లేదో నాకు రాయండి. మోడల్, సిమ్ సర్కిల్ కూడా చెప్పండి. 'నడుస్తుండగా ఆపరేటర్ మార్పు' ఫీచర్ ఎవరికి కావాలని సేల్స్ వాళ్లు అడుగుతున్నారు, చూపించడానికి జాబితా కావాలి.